గోడ మీద ముప్పై ఒక్క గుర్తులు

ఫిబ్రవరి 3

పొద్దున ఏడింటికి నీళ్ళు ఆపారు. మధ్యాహ్నం, మనుషులు దిగడానికి తవ్విన రెండో బావి నిచ్చెన మీదుగా ఊరికి నీళ్ళు తెచ్చే సొరంగంలోకి దిగాను. పధ్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఈ గోడల్ని చూడటం. నూటపది మెట్లు. పోయినసారి లెక్కపెట్టలేదు, ఈసారి మోకాళ్ళే లెక్కపెట్టాయి.

నా వాటాకి రెండో బావి నుంచి మూడో బావి దాకా ఆరువందల మీటర్లు వచ్చింది. గోడలూ పైకప్పూ అన్నీ పాతకాలం ఇటుకే. నలభై రోజుల్లో ప్రతి అడుగూ సుత్తితో కొట్టి చూడాలి. వెనక మట్టి గట్టిగా ఉంటే ఇటుక ఖంగుమంటుంది. మట్టి కొట్టుకుపోయి డొల్ల పడితే బోలుగా మోగుతుంది. అక్కడ సుద్దముక్కతో అడ్డగుర్తు పెడితే, తర్వాత వాళ్ళు అక్కడ రంధ్రం వేసి సిమెంటు పాలు ఎక్కిస్తారు. ఒక్క డొల్ల వదిలేసినా, నీళ్ళు నిండిన రోజునో మళ్ళీ తీసిన రోజునో కప్పు కూలుతుంది, ఊరంతా నెలల తరబడి గొంతు తడుపుకోలేదు. ఇరవయ్యేళ్ళుగా నా ఉద్యోగం ఇంతే, కొట్టడం, వినడం.

మార్చి 14న నీళ్ళు తిరిగి వదలాలి. అప్పటిదాకా ఊరికి సగం నీళ్ళే. ఇంట్లో అత్తయ్య అప్పుడే గిన్నెలూ చెంబులూ కూడా నింపేశారు. తాగడానికి గ్లాసు అడిగితే వెతకాల్సి వచ్చింది.

ఫిబ్రవరి 6

పెద్దమేస్త్రీ దీపం పట్టుకుంటున్నాడు, నేను కొడుతున్నాను. పోయినసారి నాతో ఈ గోడలు చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆయనొక్కడే. జుట్టు తెల్లబడింది, మాట ఇంకా తగ్గింది. మిగతా ఐదుగురు మేస్త్రీలూ ఆయన వెనకే.

నన్ను వీళ్ళంతా సుత్తి మేడం అంటారని నాకు తెలుసు. సుత్తి చేతిలో ఉన్నందుకా, నోట్లో ఉన్నందుకా అని మాత్రం అడగను.

నలభై మీటర్లలో రెండే గుర్తులు. ఎంత గట్టి గోడ.

ఫిబ్రవరి 7

జలుబు. చెవులు దిబ్బళ్ళు వేశాయి. ఆవిరి పట్టాను.

ఫిబ్రవరి 11

రెండువందల మీటర్లయింది. పదకొండు గుర్తులు. పోయినసారి పాత షీట్లు తీసి చూశాను, మొత్తం ఆరువందల మీటర్లకి అప్పట్లో రెండువందల పధ్నాలుగు. ఈ లెక్కన ఈసారి నలభై దాటవు.

నిజంగా మనసు నిండిపోయింది. పోయినసారి మేం ఎక్కించిన సిమెంటు ఎంత బాగా పట్టుకుందో. అంతకుముందు ఈ ఇటుకలు పేర్చినవాళ్ళు ఎవరో, ఏ దీపం వెలుగులో పేర్చారో, వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుతుంటే ఈ మాటే పైకి అన్నాను. పాతవాళ్ళ పనితనం మీద చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. పెద్దమేస్త్రీ ముద్ద నోట్లో పెట్టుకోకుండా నా వంక చూశాడు. ఆయనకీ మనసు కదిలిందనుకుంటాను.

ఫిబ్రవరి 12

టీవీ సౌండు మీద ఇంట్లో గొడవ. ఎక్కువైందని అన్నది ఎవరు, చెవిలో మిషన్ పెట్టుకునే అత్తయ్య. విసుగొచ్చి మిషన్ తీసి డబ్బాలో పెట్టేసుకున్నారు. మా ఆయనేమో తల్లికీ పెళ్ళానికీ మధ్య పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఈ మనిషికి నేనంటే భయమో, వాళ్ళమ్మంటే భయమో పాతికేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

టీవీదే తప్పు. ఈమధ్య అందులో అందరూ నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు మాట్లాడుతున్నారు.

ఫిబ్రవరి 17

ఇవాళ ఒళ్ళు మండిపోయింది.

పోయిన వారం నేను కొట్టి, గట్టిదని వదిలిన గోడ మీద ఇటుకపొడితో ఎర్ర చుక్కలు ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, దీపం తిప్పిన చోటల్లా. ఎవరి పనని అడిగితే పెద్దమేస్త్రీ నాదేనమ్మా అన్నాడు. ఎందుకంటే, మా గుర్తు కోసం అని నసిగాడు. నేను అన్నం తినే వేళ ఆయన వెనక్కి వెళ్ళి నా గోడని మళ్ళీ కొట్టి చూస్తున్నాడన్నమాట. అందరి ముందూ కడిగేశాను. ఈ గోడకి సంతకం పెట్టేది నువ్వా నేనా అన్నాను. వయసులో పెద్దవాణ్ణి, ఎప్పుడూ మీరు అనే మనిషిని, ఇవాళ నువ్వు అన్నాను. అంతా చెరిపేయమన్నాను.

తడిగుడ్డ తీసుకుని తనే చెరిపాడు.

ఫిబ్రవరి 18

గోడ శుభ్రంగా ఉంది.

ఫిబ్రవరి 21

మూడో బావి చేరాం. మొత్తం ముప్పై ఒక్క గుర్తులు. షీట్ల మీద సంతకం పెట్టి చీఫ్ ఇంజినీరు గారికి ఇచ్చాను. అంత తక్కువా అన్నారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, అవునన్నాను. ఆయన సంతోషపడ్డారు. పని తొందరగా తెమిలిపోతుంది కాబట్టి మార్చి 5నే నీళ్ళు వదిలేద్దామని ఊరికి ప్రకటన కూడా ఇచ్చేశారు. అత్తయ్యకి చెబితే నా తల నిమిరి, ఊరి నెత్తిన పాలు పోశావమ్మాయ్ అన్నారు.

ఇంత మంచి గోడ ఇచ్చినందుకు ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియడం లేదు.

ఫిబ్రవరి 24

నాలుగువందల పదో మీటరు దగ్గర పైకప్పు నుంచి నాలుగిటుకలు ఊడిపడ్డాయి. పక్క గుర్తులో రంధ్రం వేస్తుండగా జరిగింది. పెద్దమేస్త్రీ భుజం మీద ఒకటి తగిలింది. వాచింది కానీ ఎముకకి ఏమీ కాలేదట.

నేను గట్టిదని వదిలిన చోటు.

డ్రిల్లు అదురుకి ఊడి ఉంటాయి.

ఫిబ్రవరి 25

డ్రిల్లు అదురుకే. ముసలి ఇటుక, అదిరితే ఊడదా?

ఫిబ్రవరి 26

పెద్దమేస్త్రీ కట్టుతోనే పనిలోకి వచ్చాడు. ఇంటికి వెళ్ళి పడుకోమన్నాను. పర్లేదమ్మా అని ఉంటాడు. ఏదో అన్నాడు.

ఫిబ్రవరి 27

ఇది రాయాలంటే చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను, నా పుస్తకం నేను కాకపోతే ఎవరు చదువుతారు.

తలనొప్పిగా ఉందని మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. అత్తయ్య టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పారు, నేను ఊ కొట్టాను. తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకేదో అన్నారు. సరే అత్తయ్యా అన్నాను. చెంగు తీసి, నేనేమన్నానో చెప్పు అన్నారు.

“నీళ్ళ డ్రమ్ములో పిల్లి పడిందన్నాను. సరే అత్తయ్యా అన్నావు.”

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“పదేళ్ళు ఈ వేషం వేసినదాన్ని నేను. నాకు తెలీదనుకున్నావా? నువ్వు మాట విని నవ్వట్లేదమ్మాయ్, మా మొహాలు చూసి నవ్వుతున్నావు. మేం నవ్వితే నవ్వుతావు, మేం ఆగితే ఆగుతావు.”

కోపం నషాళానికి అంటింది. జలుబన్నాను. సొరంగంలో గాలన్నాను. పనివాళ్ళ డ్రిల్లు మోతన్నాను. మీకు వినపడక అందరికీ అంటగడుతున్నారని కూడా అన్నాను, నా నోరు పడిపోను. ఆవిడ అన్నీ విని, నాకూ మొదట జలుబే అన్నారు. అలా ఆరేళ్ళు తగ్గలేదట.

స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఇవాళ నీళ్ళు రాని రోజు. కుళాయి మూలిగి ఊరుకుంది, నా ఏడుపు ఇల్లంతా వినపడి ఉంటుంది. బయటికి వచ్చేసరికి అత్తయ్య చెప్పులు వేసుకుని నించున్నారు. రేపు పొద్దున తొమ్మిదికి తన చెవి డాక్టరు దగ్గర నాకు చీటీ రాయించేసి వచ్చారు, నేను లోపల ఏడుస్తుండగానే.

ఆవిడ నా అత్త అయినందుకు ఏం పుణ్యం చేసుకున్నానో. పైకి చెప్పలేదు. చెప్తే నెత్తికెక్కుతుంది.

ఫిబ్రవరి 28

అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడగానే మీట నొక్కమన్నారు. నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను అనుకున్నాను.

బయటికి వచ్చాక డాక్టరు కాగితం చూపించింది. సన్నటి శబ్దాలన్నిటికీ నొక్కానట. బరువైన శబ్దాలు వచ్చినప్పుడు ఒక్కసారీ నొక్కలేదట. చెవి లోపల చిన్న ఎముక బిగుసుకుపోయింది, మూడు నాలుగేళ్ళ నుంచి మెల్లగా జరిగి ఉంటుంది, ఆపరేషన్ చేస్తే కొంత తిరిగి రావచ్చు, అదీ తొందర లేదు అంది. ఆవిడ చాలా మంచిగా చెప్పింది. నేను మాత్రం ఇటుకని తలుచుకుంటూ కూర్చున్నాను.

డొల్ల ఇటుకని కొడితే రెండు శబ్దాలు వస్తాయి. పైన సుత్తి తగిలిన సన్నటి టక్కు. దాని కింద బోలుగా, బరువుగా ఒక మోత. నేను టక్కు మాత్రమే విన్నాను. మూడు వారాల పాటు ఆరువందల మీటర్లూ టక్కు విని, ఖంగుమందని మురిసిపోయాను. పాతవాళ్ళ పనితనం మీద ఉపన్యాసం ఇచ్చాను. భూమి రెండుగా చీలితే బాగుండేది, అయినా మా వృత్తిలో అది కోరుకోకూడదు.

ఐదు రోజుల్లో నీళ్ళు.

చెప్పకుండా గట్టెక్కే దారులు మూడు ఆలోచించాను. ఒకటి, డ్రిల్లు అదురు వల్ల మళ్ళీ చూడాలని రాయడం. రెండు, ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి వేరే ఇంజినీరుని రప్పించడం. మూడు, పెద్దమేస్త్రీని బతిమాలి గుట్టుగా చుక్కలు మళ్ళీ పెట్టించుకోవడం. మూడూ నమ్మేలాగే ఉన్నాయి. అందుకే భయమేసింది. నెలరోజులుగా నేను నాకు చెప్పుకున్నవీ నమ్మేలాగే ఉన్నాయి.

మార్చి 1

పొద్దున ఎనిమిదికి చీఫ్ గారి గది. డాక్టరు కాగితం బల్ల మీద పెట్టాను. నాకు వినపడటం లేదండీ, ఆ షీట్లు చెల్లవు, మొత్తం మళ్ళీ కొట్టించాలి అన్నాను. ఎంత పొట్టి వాక్యమో, రాత్రంతా నమిలాను దాన్ని.

ఆయన కాగితం చూసి, పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, పెట్టారు. తిడతారనుకున్నాను. తిట్టారు కూడా, రెండు నిమిషాలు, గట్టిగానే. అందులో ప్రతి మాటా నాకు వినపడింది. తర్వాత ఆగి, రెండువందల పధ్నాలుగు ముప్పై ఒకటి అయినప్పుడు నేనూ అడిగి ఉండాల్సింది, పని తొందరగా అవుతుందన్న సంతోషంలో అడగలేదు అన్నారు. నా సుత్తి తీసేసుకున్నారు. ఎక్కడ ఎంత సిమెంటు ఎక్కించాలో లెక్క వేసే పని మాత్రం నాకే ఉంచారు. నీళ్ళు మళ్ళీ 14కే వాయిదా. ఊరివాళ్ళకి చెప్పి చీవాట్లు తినడానికి తనే వెళ్తానన్నారు. మిమ్మల్ని పంపితే వాళ్ళ తిట్లు సగం వృథా అవుతాయి అన్నారు. ఏడుస్తూ నవ్వాను.

అక్కణ్ణుంచి బావి దగ్గరికి వెళ్ళాను. ఆరుగురు మేస్త్రీలూ దిగడానికి టోపీలు పెట్టుకుంటున్నారు. అందరి ముందూ తిట్టాను కాబట్టి అందరి ముందే చెప్పాలి. చెప్పాను. పెద్దమేస్త్రీ తల ఊపాడు.

“తెలుసమ్మా.”

ఎప్పట్నించి అని అడిగాను. మొదటి వారం నుంచే అన్నాడు.

“నేను మీ పక్కన నించుంటే గుర్తు పడేది. దీపం పట్టుకుని మీ వెనక్కి వస్తే పడేది కాదు. రెండ్రోజులు ఎందుకా అనుకున్నాను. తర్వాత కావాలనే వెనక నించుని చూశాను. ఏ మోతలో తేడా వచ్చినా నా నొసలు ముడిపడుతుందట, మా ఇంటిదీ అంటుంది. ఆ ముప్పై ఒకటీ నా మొహం చూసి పెట్టారమ్మా.”

నిచ్చెన కమ్మీ పట్టుకున్నాను. ఆ ముప్పై ఒకటి కూడా నావి కావు. నా చెవి ఈ గోడలో ఒక్క డొల్లని కూడా పట్టలేదు. అత్తయ్య టీ తాగుతూ చెప్పిందే ఈయన సొరంగంలో చూశాడు.

మరి ఎందుకు చెప్పలేదు అన్నాను. చుక్కలు పెట్టాను కదమ్మా, చెరపమన్నారు, చెరిపాను అన్నాడు. మళ్ళీ తనే, చెరపడం నా తప్పు, మీరు తిట్టినా చెరపకుండా ఉండాల్సింది అన్నాడు. ఆ భుజం మీద ఇంకా కట్టు ఉంది. ఆ ఇటుక ఆరంగుళాలు ఇటు పడితే తల మీద పడేది. ఆయన తన తప్పని అంటున్నాడు.

తప్పు మీది కాదండీ, క్షమించండి అన్నాను. ఆయన కంగారుపడిపోయి, దిగుదామా అమ్మా, పొద్దెక్కుతోంది అన్నాడు.

మార్చి 2

ఆదివారం. ఎవరినీ రమ్మనలేదు. ఆరుగురూ వచ్చారు.

మార్చి 4

పెద్దమేస్త్రీ కొడుతున్నాడు. నేను దీపం పట్టుకుంటున్నాను. దీపం పట్టడం ఇంత కష్టమని ఇరవయ్యేళ్ళలో తెలియలేదు, చెయ్యి లాగేస్తుంది. కాస్త కిందకి దిగితే, మేడం, దీపం అంటున్నాడు. నేను ఈయన్ని ఎన్నిసార్లు విసుక్కుని ఉంటానో.

ఒకచోట అనుమానం వస్తే నా అరచెయ్యి గోడకి ఆనించమని పక్కన కొట్టాడు. చేతికింద ఇటుక వణికింది. మరోచోట కొడితే వణకలేదు. మొదటిది డొల్ల అన్నాను. అవునన్నాడు. చంటిపిల్లలా సంబరపడ్డాను. ఈ గోడ నాతో ఇంకా పూర్తిగా పలకడం మానేయలేదు.

మార్చి 6

మూడో బావి మొదట్లో, సరిగ్గా కప్పు మీద, పెద్దది దొరికింది. రెండిటుకలు తీసి పెద్దమేస్త్రీ చెయ్యి పెడితే భుజం దాకా వెళ్ళింది. చెక్కబద్ద పెట్టి కొలిచాం, మూడు మీటర్ల పొడవు. మట్టి మొత్తం కొట్టుకుపోయింది. పైన రోడ్డుని మోసే మట్టికీ మాకూ మధ్య ఒక వరస ఇటుక, కాస్త గాలి.

నా షీటులో అక్కడ గట్టిది అని రాసి, సంతకం పెట్టి ఉంది. ఆ రోడ్డు మీదుగానే రోజూ బస్సులో ఇంటికి వెళ్తాను. అక్కడే మా ఆయన దిగి కూరగాయలు కొంటారు. ఇవాళ ఇంటికి వెళ్ళగానే ఆయన చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాను. ఏమైందని అడిగారు. ఏం లేదన్నాను. అడ్డం పెట్టుకున్న పేపరు తీసి పక్కన పెట్టారు, అదే పదివేలు.

మార్చి 7

అయిపోయింది. మొత్తం రెండువందల నలభై ఏడు.

మార్చి 9

ఇక్కడ నా పని మొదలైంది. రెండువందల నలభై ఏడు డొల్లలు ఐదు రోజుల్లో నింపాలి. తొందరపడి ఒత్తిడి పెంచితే సిమెంటు పాలే ఇటుకల్ని బయటికి తోసేస్తాయి. కింది రంధ్రం నుంచి మొదలుపెట్టి, పై రంధ్రంలోంచి పాలు కారగానే ఆపి, పైకి వెళ్ళాలి. ఊట నీరు పోవడానికి పాతవాళ్ళు వదిలిన కన్నాల్ని మాత్రం పూడ్చకూడదు. పూడిస్తే గోడ వెనక నీళ్ళు చేరి ఇవాళ చేసిందంతా రేపు నెట్టేస్తాయి. ఒక మేస్త్రీ ఉత్సాహంలో రెండు కన్నాలు మూసేశాడు, తీయించాను. ఈసారి తిట్టలేదు, ఎందుకో చెప్పాను. తిట్టడం కన్నా ఎక్కువసేపు పట్టింది.

వరసలు నేను గీశాను, ఒత్తిడి లెక్క నేను కట్టాను. దీనికి చెవి అక్కర్లేదు. ఇంత మిగిలినందుకు ఎవరికి చెప్పుకోవాలి. చీఫ్ గారికి, అత్తయ్యకి, డాక్టరమ్మకి, ఆరుగురు మేస్త్రీలకి. పోయిన నెల కృతజ్ఞత చెప్పుకోవడానికి మనిషి దొరక్క ఇటుకలకి దండాలు పెట్టాను. ఇప్పుడు మనుషులు ఇంతమంది ఉన్నారు.

మార్చి 12

ఆఖరి రంధ్రం బిగించాం. కొత్త షీట్లు తయారు. పరీక్షించినవారు అన్న చోట పెద్దమేస్త్రీ సంతకం చెయ్యాలన్నాను. కూలీ సంతకం కాగితం మీద నడుస్తుందా అన్నాడు. గోడ మీద నడిచింది కదా అన్నాను. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. సంతకం చేశాక దాని మీద ఊది ఆరబెట్టాడు.

మార్చి 14

పొద్దున పదింటికి మొదటి బావి దగ్గర తలుపు ఎత్తారు. మేమంతా మూడో బావి దగ్గర, పైన, కమ్మీల చుట్టూ చేరాం. చీఫ్ గారు, ఆరుగురు మేస్త్రీలు, తిట్టిపోయడానికని వచ్చి ఆగిపోయిన ఊరివాళ్ళు కొందరు. నీళ్ళు కనపడక ముందు మోత వస్తుంది. దూరం నుంచి, నేలలోంచి వచ్చే బరువైన మోత. పోయినసారి దాన్ని అందరికన్నా ముందు విన్నది నేనే. అదిగో అని నేనంటేనే మిగతావాళ్ళు చెవి ఒగ్గారు.

ఇవాళ ఏమీ లేదు. గాలి, ఎవరిదో దగ్గు. చుట్టూ మొహాలు చూస్తే తెలిసిపోతుంది. ఎవరి కళ్ళు పెద్దవైతే అప్పుడు నేనూ తల ఊపి, అదిగో అంటే సరిపోతుంది. కొత్తవాళ్ళకి తేడా తెలియదు.

ఎవరి మొహమూ చూడలేదు. బావిలోకే చూస్తూ, అందరికీ వినపడేటంత గట్టిగా అడిగాను.

“మేస్త్రీ గారూ, నాకు వినపడదు. వచ్చిందా?”

“ఇంకా లేదమ్మా. రాగానే చెప్తాను.”

కమ్మీ పట్టుకుని నించున్నాను. ఎంతసేపో తెలియదు. ఆయన చెప్పాడు.